లగ్గమయ్యేదాంక నిలవడితె సాలు

(ఎల్లారెడ్డిపేటలో ఇచ్చిన స్మారక ఉపన్యాసానికి అచ్చు రూపం)



బడిలో మాకు పాఠాలు చెప్పిన సారు పేరు మీద జరిగే ఈ సభలో నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు కవిత్వం గురించి, చెరువుల గురించి, నేతపని గురించి చెప్పారు. ఈ ఏడు నేను మగపిల్లల జుట్టు ఊడటం గురించి మాట్లాడతానంటే నిర్వాహకుల్లో ఒకాయన ఫోన్లో కాసేపు ఆగి, "సభల నవ్వుతరేమో డాక్టర్‌సాబ్" అన్నారు. నవ్వుతారనే ఎంచుకున్నాను. ఇరవై రెండేళ్ల పోరడి నెత్తి పలచబడితే ఊరంతా నవ్వుతుంది. వాడూ నలుగురితో కలిసి నవ్వుతాడు. రాత్రి తలుపు వేసుకుని, ఫోన్ నెత్తి మీదికి ఎత్తి పట్టి ఫోటోలు తీసుకుంటాడు. కరీంనగర్‌లో నా గదికి వచ్చేసరికి ఆ ఫోన్లో అలాంటి ఫోటోలు వందల్లో ఉంటాయి. నిన్నటిది, మొన్నటిది, పోయిన బతుకమ్మ పండుగ నాటిది. వేలితో పెద్దవి చేసి చూపిస్తాడు. "ఇక్కడ చూడుండ్రి సారు, నెల కింద ఇక్కడ తోలు కనవడలే."

ఇంకో అభ్యంతరం ఉంది, అది నిర్వాహకులు అనలేదు గానీ మీ మనసులో ఉండే ఉంటుంది. సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోయి అప్పులపాలైన ఇళ్లున్న జిల్లా ఇది. శంషాబాద్‌లో గల్ఫు నుంచి విమానంలో పెట్టెల్లో దిగిన మనవాళ్ల శవాల కోసం రాత్రంతా కాచుకున్నవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. అలాంటి చోట వెంట్రుకల ముచ్చటేంటి? నిజమే, దీనివల్ల ఎవరూ చావరు. కానీ పెద్ద బాధలున్న ఇంట్లో చిన్న బాధ చెప్పుకోవడానికి నోరు రాదు. అప్పు గురించి తండ్రికి చెప్పగలిగిన కొడుకు, టోపీ తీయకుండా అన్నం ఎందుకు తింటున్నాడో చెప్పలేడు. చెప్పుకోలేనిదాన్ని మోయడానికి పిల్లలు చేసే పనులు మాత్రం చిన్నవి కావు. అప్పుతెచ్చి నూనెలు కొంటారు. దోస్తు పెళ్లికి పోవడం మానేస్తారు. ఉద్యోగం మాటలకు పోవలసిన రోజు జ్వరమని పడుకుంటారు.

ఇక్కడ చెప్పే ముచ్చట్లలో మనుషుల ఆనవాళ్లు మార్చాను. ఎవరినైనా గుర్తుపట్టినట్టు మీకనిపిస్తే, అది మీ ఊళ్లో అలాంటివాళ్లు చాలామంది ఉండటం వల్ల.

ఒక తల్లి కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. బీడీలు చేసే ఆమె, వేళ్ల కొసలు తంబాకు రంగుకు తిరిగాయి. కొడుకు ఖతర్ నుంచి రెండు నెలల సెలవు మీద వచ్చాడు, వయసు ఇరవై ఆరు. కుర్చీలో కూర్చుని టోపీ ఒళ్లో పెట్టుకున్నాడు, తల వంచుకోలేదు, వంచితే నడినెత్తి కనబడుతుంది కదా. నేను మందుల సంగతి చెప్పబోతుంటే ఆమె అడ్డుపడింది. "గవన్ని నాకు తెల్వయి సారూ. లగ్గమయ్యేదాంక నిలవడితె సాలు. తర్వాత పోతె పోనీ."

పోతే పోనీ అన్నదాంట్లో ఆమెకు కొడుకు జుట్టు మీద ఏ మమకారమూ లేదు. ఆమె భయం ఒక గడువు గురించి. నేనీ పని మొదలుపెట్టినప్పటి నుంచి విన్న మాటల్లో రోగ నిర్ధారణ అంటే అదే. మా పుస్తకాల్లో ఈ జబ్బు తల చర్మంలో మొదలవుతుంది. ఎల్లారెడ్డిపేటలో, సిరిసిల్లలో, కోరుట్లలో, జగిత్యాలలో ఇది ఫోటోలో మొదలవుతుంది. పిల్లవాడు దుబాయిలో ఉండగానే మధ్యవర్తి ఫోన్లకు ఫోటో పోతుంది. ఆ ఫోటో వెళ్లేముందు తీసింది, ఒత్తయిన జుట్టుతో, కళ్లకు నల్లద్దాలతో. రెండేళ్లు గడుస్తాయి. సెలవు దొరికేది రెండు నెలలు. అందులోనే పిల్లను చూడాలి, మాట్లాడుకోవాలి, వరపూజ కావాలి, లగ్గం కావాలి, కుదిరితే ఇంటి స్లాబు కూడా వేయాలి. ఊళ్లో ఉన్నవాడి నెత్తి రోజురోజుకూ పలచబడుతుంది కాబట్టి చూసేవాళ్ల కళ్లు అలవాటు పడతాయి. గల్ఫు పిల్లవాడి నెత్తి రెండేళ్లది ఒక్క పొద్దున ఊరి ముందు దిగుతుంది. బస్టాండ్ కాడ దిగి ఇల్లు చేరేలోపే నలుగురు అడుగుతారు. "ఏందిరా గిట్లయినవ్? నెత్తంతా పోయింది గదరా! ఆడ ఏం తింటున్నవ్‌రా?"

అడిగేవాళ్లలో కోపం లేదు, ఎగతాళి కూడా అంతగా లేదు. మన పలకరింపే అంత. సన్నబడితే అడుగుతాం, లావైతే అడుగుతాం, నల్లబడితే అడుగుతాం. బాగున్నావా అని అడగడానికి బదులు ఒంట్లో మారిందేదో ఎత్తిచూపడం మనకు ప్రేమ. మేనత్త నెత్తి నిమిరి "అయ్యో కొడుకా" అంటుంది. ఆ నిమరడంతో పోరడు వారం రోజులు ఇంట్లోంచి బయటికి రాడు.

ఇక వాళ్లు చెప్పే కారణం నీళ్లు. "మస్కట్ నీళ్లు మంచియి గావు సారు, పోయిన ఆర్నెల్లకే ఊడుడు మొదలైంది." సముద్రపు నీళ్లలో ఉప్పు తీసి ఇస్తారు, క్లోరిన్ కలుపుతారు, అందుకే కుదుళ్లు చచ్చాయని క్యాంపు గదుల్లో అందరూ నమ్ముతారు. కొందరు తలస్నానానికి తాగేనీళ్ల క్యాన్లు కొంటారు, పన్నెండు గంటలు పని చేసి సంపాదించిన రియాళ్లతో. నేను వాళ్లను ఒకటే అడుగుతాను. "మీ తమ్ముడు సిరిసిల్లలనే ఉన్నడు గదా, సాంచా మీద? ఆయన నెత్తెట్లున్నది?" కాసేపు ఆలోచించి, "గాయనకు గూడ పోతున్నయ్ సారు" అంటారు. అన్నకు మస్కట్ నీళ్లు, తమ్ముడికి మిషన్ భగీరథ నీళ్లు, ఇద్దరికీ ఇరవై మూడో ఏడే. ఇద్దరికీ కలిసింది నీళ్లు కాదు, మేనమామ. మన పిల్లలు గల్ఫుకు పోయే వయసూ ఈ జుట్టు రాలడం మొదలయ్యే వయసూ ఒకటే కావడంతో నేరం నీళ్ల మీద పడింది. నీళ్లు మంచివి కాకపోతే వెంట్రుక గరుకెక్కుతుంది, నడుమ తెగుతుంది. చర్మం లోపలున్న కుదురును అవి చంపవు. హెల్మెట్టూ చంపదు.

అయితే ఒక తేడా చెప్పాలి. టైఫాయిడో డెంగీయో వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లకొద్దీ రాలుతుంది. 2021లో కరోనా తగ్గాక చాలామందికి అలాగే రాలింది. తిండి సరిగా లేక బరువు ఒక్కసారి తగ్గినా అంతే. అది తల నిండా రాలుతుంది, కొన్ని నెలల్లో తిరిగి వస్తుంది. పేనుకొరుకుడు ఇంకోటి. అది రూపాయి బిళ్లంత మచ్చగా పోతుంది, పేనుకూ దానికీ ఏ సంబంధమూ లేదు, మన రక్షణ కణాలే వెంట్రుక కుదురు మీద దాడి చేయడం వల్ల వస్తుంది. వీటిని బట్టతలగా పొరబడి ఏడ్చే పిల్లలూ ఉన్నారు, బట్టతలను వీటిలో ఒకటిగా పొరబడి ఏళ్లు పోగొట్టుకునే పిల్లలూ ఉన్నారు. మనిషి తల మీద దాదాపు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు యాభై నుంచి వంద రాలడం మామూలే. దిండు మీద పడ్డవాటిని ఏరి పొట్లం కట్టి తెచ్చేవాళ్లకు నేను ముందు ఈ లెక్క చెప్తాను. పొట్లం మాత్రం పారేయను, వాళ్ల ముందే విప్పి చూస్తాను. అంత శ్రద్ధగా ఏరిన మనిషి ముందు దాన్ని చెత్తబుట్టలో వేయడం మర్యాద కాదు.

మేనమామ అన్నాను. బట్టతల మేనమామ పోలికతో వస్తుందనే నమ్మకంలో కొంత నిజముంది. మగ హార్మోనుకు స్పందించే గుణాన్ని నిర్ణయించే ముఖ్యమైన జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది, మగపిల్లవాడికి అది తల్లి నుంచే వస్తుంది. కానీ నాన్నవైపువాళ్లు తప్పించుకోలేరు. 2017లో ఎడింబరో విశ్వవిద్యాలయం వాళ్లు 52,000 మందికి పైగా బ్రిటిష్ మగవాళ్ల జన్యువులను పరిశీలించి, బట్టతలతో సంబంధమున్న చోట్లు 287 అని తేల్చారు. ఇన్ని చోట్ల రాసిపెట్టినదాన్ని తలకు పట్టించే ఉల్లిగడ్డ రసం తుడిచేయలేదు.

హార్మోను సంగతి చాలా పాతది. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటిస్ నపుంసకులకు బట్టతల రాదని గమనించాడు. అమెరికాలో జేమ్స్ హామిల్టన్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త 1942లో దాన్ని శాస్త్రంగా నిలబెట్టాడు. యౌవనానికి ముందే వృషణాలు కోల్పోయినవాళ్లకు బట్టతల రాలేదు. వాళ్లకు మగ హార్మోను ఇస్తే, వంశంలో బట్టతల ఉన్నవాళ్లకు జుట్టు ఊడటం మొదలైంది. లేనివాళ్లకు ఊడలేదు. అంటే హార్మోనొక్కటే చాలదు, దాన్ని అందుకునే కుదురూ ఉండాలి. 1974లో ఇంకో వింత బయటపడింది. డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక పల్లెలో కొందరు పిల్లలు ఆడపిల్లల్లా కనబడుతూ పుట్టి, యౌవనంలో మగవాళ్లవుతున్నారు. జూలియాన్ ఇంపెరాటో మెక్‌గిన్లీ బృందం వాళ్లను పరీక్షిస్తే మగ హార్మోను టెస్టోస్టెరాన్‌ను డీహెచ్‌టీ అనే ఇంకో రూపంలోకి మార్చే ఎంజైము లోపించిందని తేలింది. వాళ్లలో ఎవరికీ బట్టతల లేదు, ముసలివయసులో ప్రోస్టేట్ వాపూ లేదు. ఆ కబురు మందుల కంపెనీకి చేరింది. ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టరైడ్‌కు అమెరికాలో 1992లో ప్రోస్టేట్ కోసం, 1997లో జుట్టు కోసం అనుమతి దొరికింది. మందుల షాపులో చిన్న అట్టలో దొరికే ఆ మాత్ర వెనక ఒక మారుమూల పల్లె పిల్లల కథ ఉంది.

కాబట్టి పోరలూ, బట్టతల మగతనం తగ్గినందుకు వచ్చేది కాదు. చేతిప్రయోగం వల్ల వస్తుందని హాస్టళ్లలో చెప్పుకునేది పచ్చి అబద్ధం. సిగ్గుతో ఎవరినీ అడగలేక దాన్ని నమ్మి కుమిలేవాళ్లను చూశాను గనక ఇంతమంది పెద్దల ముందు ఆ మాట అనేశాను. తెల్లవాళ్లలో యాభై ఏళ్లు వచ్చేసరికి దాదాపు సగంమంది మగవాళ్లకు బట్టతల వస్తుంది, ఆసియావాళ్లలో కొంచెం తక్కువ. వచ్చేవాళ్లలో కొందరికి ఇరవైలలోనే మొదలవుతుంది. అంతే తేడా.

ఆ తేడాయే చంపుతుందని సారుకు తెలుసు.

సారుకు పాతికేళ్లకే బట్టతల. మాకు భర్తృహరి సుభాషితాలు చెప్పేవారు, ఏనుగు లక్ష్మణకవి తెలుగు చేసినవి. అందులో ఖర్వాటుడి పద్యం మీరంతా చదివిందే. ఎండకు మాడిన బట్టతలవాడు తాటిచెట్టు నీడకు పోతే పండు పడి తల పగులుతుంది, అదృష్టహీనుడు ఎక్కడికి పోయినా ఆపద వెంటే వస్తుందని అర్థం. ఆ పద్యం రాగానే తరగతి మొత్తం సారు నెత్తి వైపు చూసింది. మొదట ఎవడో కిసుక్కుమన్నాడు, ఆ వెంటనే అందరం. సారు పుస్తకం బల్ల మీద పెట్టారు, జేబురుమాలుతో నెత్తి నిదానంగా తుడుచుకున్నారు. "తాటిపండు పడితె ఎంటికలున్నోని నెత్తి గూడ పగుల్తదిరా. కవి ఆ లెక్క జూస్కోలే," అని పద్యం మళ్లీ మొదటి నుంచి చదివించారు. ఇన్నేళ్లయినా అంతకన్నా మంచి విమర్శ ఆ పద్యం మీద నేను చదవలేదు.

ఈ సభ కోసం పుస్తకం వేద్దామని సారు ఇంట్లో ఆయన ఫోటోలు అడిగితే సారు భార్య, మాకు అమ్మ, ఒక సంచీ ఇచ్చింది. బడిలో పిల్లవాడిగా ఉన్నప్పటివి ఉన్నాయి. నలభై దాటాక పిల్లలతో, శిష్యులతో దిగినవి బోలెడు. నడుమ ఒకటే ఉంది, పెళ్లిది, తలపాగాతో. మిగతావేవని అడిగితే, "దిగనిచ్చెటోడు గాదు" అంది అమ్మ. తరగతిలో అంత తేలిగ్గా మాట తిప్పిన మనిషి పదిహేనేళ్లు కెమెరాకు దూరంగా తిరిగాడు. ఫోన్లో వందల ఫోటోలు తీసుకునే పిల్లలకూ ఒక్క ఫోటో దిగని సారుకూ ఉన్నది ఒకటే బాధ, కాలం వేరు.

ఆ పద్యంలో బట్టతలవాడు దురదృష్టవంతుడు. ఊళ్లో మాటల్లో చూస్తే బట్టతల వస్తే డబ్బొస్తుందంటారు. పాపం, రెండుచోట్లా వాడి నెత్తి మీద ఎవరో తీర్పు రాస్తూనే ఉన్నారు. మన సినిమాల్లో చాలాకాలం వాడు కామెడీకే పనికొచ్చాడు, దెబ్బ పడేది ఆ గుండు మీదే. కన్నడంలో 2017లో రాజ్ బి. శెట్టి 'ఒందు మొట్టెయ కథె' తీశాక బట్టతల కుర్రాడు కథానాయకుడయ్యాడు. 2019లో హిందీలో ఒకే నెలలో అలాంటివి రెండొచ్చాయి. 2021లో అవసరాల శ్రీనివాస్ 'నూటొక్క జిల్లాల అందగాడు'లో విగ్గు కింద దాక్కునే సూర్యనారాయణగా వచ్చాడు. ఆ సినిమాలో నాకు పనికొచ్చింది ప్రేమకథ కాదు, ప్రతి ఉదయం ఆ విగ్గు అతికించుకునే హైరానా. దాచడమనేది రోజంతా చేయాల్సిన కొలువు. గాలి వీస్తే భయం, వాన పడితే భయం, లిఫ్టులో పైనున్న లైటు కింద నిలబడాలంటే భయం. జుట్టు ఊడటం కన్నా ఈ కొలువే పిల్లల యౌవనాన్ని ఎక్కువ తింటోందని నా అభిప్రాయం. రోమ్‌ను ఏలిన జూలియస్ సీజర్ కూడా వెనక జుట్టు ముందుకు దువ్వుకునేవాడని, సెనేట్ ఇచ్చిన గౌరవాలన్నిటిలో తలకు ఆకుల కిరీటం పెట్టుకునే హక్కే ఆయనకు ఎక్కువ నచ్చిందని చరిత్రకారుడు స్యూటోనియస్ రాశాడు. సగం ప్రపంచం జయించినవాడే ఆ కొలువు మానలేకపోయాడు.

మరి వేములవాడ సంగతేమిటి? ఇక్కడి నుంచి ఎంత దూరమని. సోమవారం పోతే రాజన్న గుడికాడ వేలమంది. కోడె కట్టేవాళ్లు, పుట్టువెంట్రుకలు తీయించేవాళ్లు, కళ్యాణకట్టలో తలనీలాలిచ్చి గుండుతో నవ్వుతూ బయటికొచ్చే ఇరవై ఏళ్ల పోరలు. వాళ్లలో ఒక్కడైనా టోపీ వెతుక్కుంటాడా? గుండుతోనే సెల్ఫీ దిగుతాడు, గుండుతోనే కాలేజీకి పోతాడు. నున్నటి నెత్తి మీద సిగ్గేమీ రాసి లేదు. తానై ఇస్తే మొక్కు, తన ప్రమేయం లేకుండా పోతే అవమానం. నా దగ్గరికొచ్చిన కొందరు అందుకే ఒక ఉపాయం కనిపెట్టారు. రాజన్నకు మొక్కిన మొక్కు ఎప్పటికీ తీరదు, ఏడాదికి నాలుగుసార్లు గుండు. తల్లిదండ్రులు భక్తి అనుకుంటారు. నేను వాళ్లను ఆపను. పెన్సిల్వేనియాలో ఆల్బర్ట్ మానెస్ అనే పరిశోధకుడు 2012లో అచ్చువేసిన అధ్యయనంలో, గుండు చేయించుకున్న మగవాళ్లను చూసినవాళ్లు వాళ్లను మరింత గట్టివాళ్లుగా, ఒక అంగుళం పొడుగ్గా ఊహించారు. అందం కాస్త తగ్గించారు, వయసు కాస్త పెంచారు, అదీ చెప్పాలి. పలచబడ్డ జుట్టును అటూ ఇటూ దువ్వి కప్పుకున్నవాడి కన్నా గుండువాడికి మార్కులెక్కువ పడ్డాయి.

వైద్యానికి వస్తాను. ఇక్కడ నాకు కొంచెం కోపముంటుంది, సహించండి.

2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో, పాతబస్తీ ఫతే దర్వాజాలోనూ ఉప్పల్ భగాయత్‌లోనూ, ఢిల్లీ నుంచి వచ్చిన ఒక క్షురకుడు గుండు గీసి మందు రాస్తే జుట్టు మొలుస్తుందని ప్రచారమైంది. వందల మంది ఎండలో వరుస కట్టారు. టీవీవాళ్లు ఆ వరుసను నవ్వుతూ చూపించారు. తర్వాత కొందరికి వికటించిందని పత్రికలు రాశాయి. అంతకు ముందు నెలలోనే పంజాబ్‌లోని సంగ్రూర్‌లో ఇలాంటి శిబిరంలో నూనె పూయించుకున్నవాళ్లు పదుల సంఖ్యలో కళ్ల మంటలతో ఆసుపత్రికి పరుగెత్తారు. నేను ఆ వరుసలో నిలబడ్డవాళ్లను తెలివితక్కువవాళ్లనను. టీవీ కెమెరాల ముందు నెత్తి చూపించుకోవడానికి సిద్ధపడ్డారంటే ఎంత విసిగిపోయి ఉండాలి.

నిజంగా పనిచేస్తాయని బాగా రుజువైన మందులు ముఖ్యంగా రెండు, రెండూ నెమ్మది. ఒకటి మినాక్సిడిల్. అది రక్తపోటు మాత్రగా పుట్టింది. మింగినవాళ్లకు ఒళ్లంతా వెంట్రుకలు మొలవడం చూసి తలకు రాసే ద్రవంగా మార్చారు, 1988లో అమెరికాలో అనుమతి దొరికింది. రాసిన మొదటి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. చాలామంది అక్కడే భయపడి మానేస్తారు. మూడు నాలుగు నెలలు ఓపిక పడితే గానీ ఏదీ తెలియదు, మానేస్తే వచ్చినదంతా పోతుంది. రెండోది ఇందాక చెప్పిన ఫినాస్టరైడ్. రాలకుండా ఆపడంలో అదే గట్టిది. కొద్దిమందిలో కోరిక, పటుత్వం తగ్గవచ్చు. మనసు కుంగవచ్చు కూడా. యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2025లో ఆత్మహత్య ఆలోచనలను ఈ మాత్ర దుష్ప్రభావంగా ఖాయం చేసింది. ఇంతకుముందే దిగులు జబ్బు ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా ఇది మింగవద్దు. ఆరెంపీ దగ్గర, దోస్తు దగ్గర అట్ట తీసుకుని మింగేది కాదిది. గర్భిణి ఉన్న ఇంట్లో ముక్కలు చేసిన మాత్ర ఆమె ముట్టకూడదు.

జుట్టు నాటించుకోవడం సంగతి అందరూ అడుగుతారు. న్యూయార్క్‌లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1952లో మొదలుపెట్టి 1959లో అచ్చువేసిన సూత్రమే ఇప్పటికీ ఆధారం. తల వెనక జుట్టుకు రాలే గుణం లేదు, ముందుకు తెచ్చి నాటినా ఆ గుణం మారదు. కోసి తెచ్చేదే తప్ప కొత్తగా పుట్టించేది కాదు కాబట్టి వెనకున్న నిల్వ ఎంతో అంతే. ఇరవై రెండేళ్లకే నుదురు మీద గీత కట్టించుకున్నవాడికి ముప్పై ఐదేళ్లొచ్చేసరికి ఆ గీత వెనక నడినెత్తి ఖాళీ కావచ్చు. అప్పుడు నాటడానికి వెనక ఏమీ మిగలదు. మంచి సర్జన్ తొందరపడొద్దంటాడు, షాపు నడిపేవాడు ఈరోజే ఆఫరంటాడు. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి ఇలాంటి చోట జుట్టు నాటించుకుని ప్రాణం పోగొట్టుకున్నాడు. జాతీయ వైద్య కమిషన్ 2022లో ఈ పని అర్హులైన డాక్టర్లే చేయాలని స్పష్టంగా చెప్పింది. సిరిసిల్లలో 2023లో, జగిత్యాలలో అంతకు ఏడాది ముందే ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ముందు అక్కడి ఆసుపత్రిలో నెత్తి చూపించుకోండి. ఓపీ చీటీ తీసుకుని వరుసలో నిలబడటానికి సిగ్గు పడొద్దు.

జుట్టు పోతోందని ఒళ్లు పెంచుకుందామని జిమ్ముకు పోయేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. కసరత్తు మంచిదే. పౌడరు డబ్బా జుట్టును ఏమీ చేయదు, జేబునే చేస్తుంది. దాని పక్కన నెమ్మదిగా అంటగట్టే ఇంజెక్షన్లు చేస్తాయి. అవి మగ హార్మోనుకు అన్నదమ్ములు, వంశంలో బట్టతల ఉంటే దాన్ని ముందుకు లాక్కొస్తాయి. ఏ అద్దం కోసం కండలు పెంచాడో ఆ అద్దంలోనే నెత్తి ఖాళీ అవుతుంది. హార్వర్డ్‌లో హారిసన్ పోప్ 1999లో పిల్లలాడుకునే సైనికుల బొమ్మలను కొలిచి, ముప్పై ఏళ్లలో వాటి కండలు మనిషికి సాధ్యం కానంతగా ఉబ్బాయని చూపించాడు. ఆడపిల్లల బొమ్మల నడుముల గురించి అంతకు చాలా ముందే జనం అడిగారు. మన ఇళ్లల్లోనూ అంతే. పెళ్లిచూపుల్లో ఆడపిల్ల రంగు, ఎత్తు, పళ్లవరుస, జడ తరతరాలుగా కొలుస్తూ వచ్చాం, జడ సొంతమా సవరమా అని లాగి చూసిన అత్తలుండేవారు. ఇప్పుడు ఆ కొలకర్ర మగపిల్లల వైపు కూడా తిరిగింది. ఇది న్యాయమని కొందరు ఆడవాళ్లు నాతో నవ్వుతూ అన్నారు. కాదనలేకపోయాను.

బాధ ఎక్కడ మామూలు దాటి జబ్బవుతుందో చెప్పాలి. ఉన్న లోపానికీ పడే వేదనకూ పొంతన లేకపోవడం ఒక గుర్తు. రోజులో గంటలకొద్దీ అద్దం ముందుండటం, లేదా ఇంట్లో అద్దాలన్నీ తిప్పిపెట్టడం ఇంకో గుర్తు. జుట్టు నిండుగా ఉన్నవాడు కూడా పోయిందని ఏడవవచ్చు. ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి పందొమ్మిదో శతాబ్దంలోనే ఈ స్థితికి పేరు పెట్టాడు. వాళ్లకు నా మందులు పనిచేయవు, జుట్టు మొలిచినా వేదన ముక్కుకో దవడకో మారుతుంది. మనసు డాక్టరు దగ్గరికి పంపుతాను. తిట్టుకుంటూ పోతారు, కొందరు తిరిగొచ్చి కృతజ్ఞతలు చెప్తారు. బతకడమెందుకనే ఆలోచన ఒక్కసారి వచ్చినా 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్ నుంచి నడుస్తున్న టెలిమానస్ అది, పైసా ఖర్చు లేదు, రాత్రైనా పగలైనా తెలుగులోనే మాట్లాడతారు.

అయితే భయపెట్టి వదిలేయను. థామస్ క్యాష్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1990లలో బట్టతల మగవాళ్లను అడిగి తెలుసుకున్నదేమంటే, ఎక్కువమంది కాలంతో సర్దుకుంటారు. ఎక్కువ బాధపడేది చిన్నవయసులో మొదలైనవాళ్లు, ఇంకా జంట కుదరనివాళ్లు. ఖతర్ పిల్లవాడి తల్లి ఆయన పరిశోధన చదవకుండానే చెప్పేసింది.

ఆ పిల్లవాడి సంగతి చెప్పలేదు కదూ. మందు రాసి ఇచ్చాను, రెండు నెలల్లో ఏమీ మారదనీ చెప్పాను. "గట్లయితె ఏం ఫాయిదా?" అన్నాడు. మధ్యవర్తి దగ్గరున్న పాత ఫోటో తీయించి, ఇప్పటి నెత్తితో కొత్తది పంపమన్నాను. తల్లి నన్ను కొట్టేంత పని చేసింది. పంపారు. రెండు సంబంధాలు మాటా పలుకూ లేకుండా ఆగిపోయాయి. మూడోవాళ్లు ఫోటో చూసి మారు మాట్లాడలేదు గానీ కట్నంలో లక్ష తగ్గించమన్నారు. తల్లికి కోపమొచ్చింది, కొడుక్కి నవ్వొచ్చిందట. కట్నమే వద్దంటే పోతుంది కదా, ఈ బేరమెందుకు అని నేనంటే ఇద్దరూ నా వైపు వింతగా చూశారు. ఆ సెలవులో లగ్గం కాలేదు. మరుసటి సెలవులో అయింది, ఏ లెక్కన అయిందో నేనడగలేదు.

ఇక వీసా వచ్చిన పిల్లలకు పనికొచ్చే మాట. ప్రయాణానికి నెల ముందే వచ్చి కనబడండి. సరిపడా మందులు, డాక్టరు సంతకం, ముద్ర ఉన్న చీటీ పెట్టెలో కాకుండా చేతి సంచిలో పెట్టుకోండి, అక్కడి విమానాశ్రయంలో అడగవచ్చు. గుండుతో పనిచేసేవాళ్లు ఎండలో నెత్తికి గుడ్డ చుట్టుకోండి, చర్మం కాలుతుంది. క్యాంపులో నలుగురు నాలుగు నూనెలు చెప్తారు, నాకు ఫోటో పంపి అడిగాకే రాయండి.

ప్రశ్నలకు టైముంది. లేచి అడగడం ఇబ్బందైతే చీటీల మీద రాసి ముందుకు పంపండి, పేరు రాయనక్కర్లేదు. కుర్చీలు చాలక వెనకాల గోడకానుకున్న తమ్ముళ్లకు కాగితాలు, పెన్నులు ఇవ్వమని నిర్వాహకులను కోరుతున్నాను.